ఐదు దిద్దుబాట్ల గీత: రెడీమేడ్ డాష్‌బోర్డులో తెలుగు వికీపీడియా కొలతలు

ఒక నెలలో ఇద్దరు తెలుగు వికీపీడియాలో పనిచేశారనుకుందాం. ఒకరు తమ ఊరి చెరువు గురించి పదిహేను రోజుల పాటు పాత గెజిటీర్లు తిరగేసి, ఆధారాలతో సహా పెద్ద వ్యాసం రాశారు. రాసినదాన్ని మూడుసార్లు భద్రపరిచారు. మరొకరు ఓ సాయంత్రం పది నిమిషాలు కూర్చుని ఆరు పేజీల్లో అక్షరదోషాలు సరిచేశారు. నెల చివర వికీమీడియా గణాంకాల డాష్‌బోర్డు తెరిస్తే, ‘చురుకైన సంపాదకుల’ లెక్కలో రెండోవారు ఉంటారు, మొదటివారు ఉండరు. యంత్రం పొరపాటేమీ చేయలేదు. నెలకు కనీసం ఐదు దిద్దుబాట్లు చేసినవారే చురుకైనవారని దానికి చెప్పారు. అది అలాగే లెక్కపెట్టింది.

ఈ ఐదు అనే గీత తెలుగువాళ్ళు గీసుకున్నది కాదు. డచ్ డేటా విశ్లేషకుడు ఎరిక్ జాక్టే 2003లో ‘వికీస్టాట్స్’ పేరుతో అన్ని భాషల వికీపీడియాలకూ కలిపి గణాంకాలు తయారుచేయడం మొదలుపెట్టారు. నెలకు కనీసం 5 దిద్దుబాట్లు చేస్తే చురుకైనవారు, కనీసం 100 చేస్తే మరీ చురుకైనవారు అనే విభజన అప్పటి నుంచీ స్థిరపడిపోయింది. తెలుగు వికీపీడియా పుట్టింది కూడా ఆ ఏడాది డిసెంబరులోనే. ఇప్పుడు వికీస్టాట్స్ రూపం పూర్తిగా మారింది. రంగుల గ్రాఫులు, ప్రపంచ పటాలు, వడపోత గడులు వచ్చాయి. కానీ ఐదు మాత్రం ఐదుగానే ఉంది. దానికో కారణం ఉంది: మూడు వందలకు పైగా భాషలను పక్కపక్కన పెట్టి చూడాలంటే అందరికీ ఒకే గజంబద్ద కావాలి.

రెడీమేడ్ చొక్కా సగటు మనిషికి కుడతారు. భుజాల దగ్గర సరిపోయినా చేతులు పొడవవుతాయి. ముందే తయారైన డాష్‌బోర్డు కూడా అంతే. అందులోని ప్రతి గ్రాఫు వెనుక ఎవరో ఒకరు ఎప్పుడో వేసుకున్న ప్రశ్న ఉంటుంది. ఇంగ్లిష్ లాంటి పెద్ద వికీపీడియాలో నెలకు వేల సంఖ్యలో సంపాదకులు పనిచేస్తారు కాబట్టి, గీత కొంచెం అటూఇటూ జరిగినా మొత్తం బొమ్మ మారదు. కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తల మీద నడిచే భాషలో మాత్రం మారుతుంది. వచ్చే మూడు నెలలు శిక్షణ శిబిరాలు పెట్టాలా, వ్యాస పోటీ పెట్టాలా, ఉన్న వ్యాసాలను బాగుచేయాలా అనే నిర్ణయం ఆ గ్రాఫులను చూసే తీసుకుంటారు. ఉన్న కొద్దిమంది ఆదివారాలు దేనికి ఖర్చవుతాయన్నది ఆ నిర్ణయం మీదే ఆధారపడి ఉంటుంది.

ఖర్చు లేని మార్పులు

డాష్‌బోర్డును మార్చుకోవడం అనగానే ప్రోగ్రామింగ్ రావాలేమో అనిపిస్తుంది. మొదటి మెట్టుకు అదేమీ అక్కర్లేదు. వికీస్టాట్స్‌లో సంపాదకుల గ్రాఫు పక్కన వడపోతలు ఉంటాయి. దిద్దుబాట్ల స్థాయిని 1 నుంచి 4, 5 నుంచి 24, 25 నుంచి 99, 100కు పైన అని నాలుగు పొరలుగా విడగొట్టవచ్చు. లాగిన్ అయినవారిని, అజ్ఞాతలను, బాట్లను వేరుచేయవచ్చు. బాట్లలోనూ రెండు రకాలు చూపిస్తుంది: అధికారికంగా బాటుగా నమోదైనవి ఒకటి, నమోదు కాకపోయినా పేరును బట్టి బాటుగా పోల్చుకున్నవి రెండోది. వ్యాసాల్లో జరిగిన పనిని చర్చాపేజీలు, రచ్చబండ వంటి చోట్ల జరిగిన పని నుంచి విడదీయవచ్చు. ఇలా ఎంచుకున్న అమరిక అంతా ఆ పేజీ చిరునామాలోనే ఇమిడి ఉంటుంది. చిరునామాను కాపీ చేసి పంపితే అవతలివారికి కూడా అదే వడపోత, అదే కాలవ్యవధితో గ్రాఫు తెరుచుకుంటుంది. చిన్న సౌకర్యమే కానీ, ‘నాకు వేరే అంకె కనిపిస్తోందే’ అనే వాదనలు సగం దీనితోనే తీరిపోతాయి.

మిగతా సగం వాదనలు ఒకే మాటకు రెండు అర్థాలుండటం వల్ల వస్తాయి. తెలుగు వికీపీడియాలోనే ‘గణాంకాలు’ అనే ప్రత్యేక పేజీ ఒకటి ఉంది. అందులోనూ చురుకైన వాడుకరుల సంఖ్య కనిపిస్తుంది. అయితే అక్కడ గత 30 రోజుల్లో ఏ ఒక్క పని చేసినా చురుకైన వాడుకరే. వికీస్టాట్స్‌లో క్యాలెండరు నెలలో ఐదు దిద్దుబాట్లు ఉండాలి. మొదటి అంకె రెండోదానికంటే పెద్దగా ఉండటం సహజం. ఒకే సమావేశంలో ఒకరు ఒక అంకె, మరొకరు రెండో అంకె చెబితే ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడినట్టు కాదు.

నాలుగు పొరల విభజన వల్ల అసలు లాభం మరొకటి ఉంది. ఊహాత్మక ఉదాహరణ ఒకటి: ఒక భాషలో నెలకు 40 మంది చురుకైన సంపాదకులు, వారు చేసినవి 10,000 దిద్దుబాట్లు. సగటు తీస్తే మనిషికి 250. కానీ అందులో 7,000 దిద్దుబాట్లు నలుగురివే అయితే, మిగతా 36 మంది సగటు 84కు లోపే ఉంటుంది. వాళ్ళలో చాలామంది పది, పదిహేను దగ్గరే ఆగి ఉంటారు. ఆన్‌లైన్ సమూహాలన్నింటిలోనూ దాదాపు ఇదే పోకడ కనిపిస్తుంది. ఇలాంటి చోట సగటు ఎవరి గురించీ చెప్పదు. ఆ నలుగురిలో ఒకరికి ఉద్యోగం మారి తీరిక పోతే ఏమవుతుంది? చురుకైనవారి సంఖ్య 40 నుంచి 39 అవుతుంది, గ్రాఫులో గీత కదిలినట్టే ఉండదు. పనిలో మాత్రం ఆరో వంతు మాయమై ఉండవచ్చు. అందుకే చిన్న సమూహాలు మొత్తం సంఖ్యతో పాటు, నెల పనిలో సగం ఎంతమంది చేతుల మీదుగా జరిగిందన్న లెక్కను కూడా వేసుకోవాలి. రెడీమేడ్ గ్రాఫుల్లో ఆ లెక్క ఉండదు. సంపాదకుల వారీ జాబితాను దించుకుని, పెద్ద అంకె నుంచి చిన్న అంకెకు వరుసగా పేర్చి, కూడుకుంటూ పోతే సగం ఎక్కడ పడుతుందో తెలిసిపోతుంది.

‘స్త్రీ’కి 18 బైట్లు

తెలుగుకు వచ్చేసరికి డాష్‌బోర్డులు తప్పుదారి పట్టించే చోటు, అంతగా ఎవరూ గమనించని చోటు, బైట్ల లెక్క. ఒక నెలలో విజ్ఞానసర్వస్వం ఎంత పెరిగిందో చెప్పడానికి వికీస్టాట్స్ బైట్లను వాడుతుంది. చేర్చినవాటిలోంచి తీసేసినవి మినహాయిస్తే వచ్చేది నికర తేడా. చేర్చినవీ తీసేసినవీ కలిపితే వచ్చేది మొత్తం తేడా. వ్యాసం పొడవును కూడా బైట్లలోనే చెబుతారు.

వికీపీడియా పాఠాన్ని భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు అక్షరాలు, గుణింతపు గుర్తులు, పొల్లు అన్నింటికీ తలా మూడు బైట్లు కావాలి. ‘తెలుగు’ అనే మాటను కంప్యూటరు మూడు అక్షరాలుగా చూడదు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు సంకేతాలుగా చూస్తుంది. ఆరు మూళ్ళు 18 బైట్లు. అదే మాటను రోమన్ లిపిలో రాస్తే ఆరు బైట్లు. ఇక ‘స్త్రీ’ చూడటానికి ఒక్క అక్షరమే. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు సంకేతాలు. అంటే ఒక్క అక్షరానికి 18 బైట్లు.

దీని ఫలితం ఎక్కడ తగులుతుందంటే, మొలకల దగ్గర. బాగా చిన్నగా ఉన్న వ్యాసాన్ని తెలుగు వికీపీడియాలో మొలక అంటారు. 2,048 బైట్ల లోపు ఉన్న పేజీని మొలకగా లెక్కించాలని ఒక డాష్‌బోర్డులో గీత పెట్టారనుకుందాం. ఇంగ్లిష్‌లో 2,048 బైట్లంటే రమారమి 340 మాటలు, అంటే రెండు మూడు పేరాలు. తెలుగులో సగటు మాటకు ఎనిమిది సంకేతాలనుకుంటే, మధ్య ఖాళీతో కలిపి మాటకు 25 బైట్లు. అంటే 2,048 బైట్లలో పట్టేవి 80 మాటలే. ఇంగ్లిష్ కోసం గీసిన గీతను అలాగే తెచ్చుకుంటే, ఒక్క పేరా ఉన్న తెలుగు పేజీ కూడా మొలక స్థాయి దాటి వ్యాసమైపోతుంది.

అయితే మొత్తాన్ని మూడుతో భాగించేస్తే సరిపోతుందా? సరిపోదు. వికీ పేజీలో కనిపించే పాఠం ఒక్కటే ఉండదు. వెబ్ చిరునామాలు, మూసల పరామితులు, బొమ్మల ఫైళ్ళ పేర్లు ఎక్కువగా రోమన్ లిపిలో ఉంటాయి. వాటికి అక్షరానికి ఒకటే బైటు. ఒక గ్రామం పేజీలో సమాచారపెట్టె, పటం, నాలుగు మూలాల లింకులు ఉండి, కింద ‘ఇది ఫలానా మండలంలోని గ్రామం’ అనే ఒక్క వాక్యం ఉందనుకుంటే, అది 2,048 బైట్లను సులువుగా దాటేస్తుంది. దాన్ని చదవడానికి వచ్చినవారికి దొరికేది మాత్రం ఆ ఒక్క వాక్యమే. అంటే బైట్ల కొలత ఒక పేజీని మూడు రెట్లు ఎక్కువ చేసి చూపవచ్చు, మరో పేజీలో ఏమీ లేకపోయినా నిండుగా ఉందనవచ్చు. తెలుగుకు పనికొచ్చే కొలత వేరు: మూసలు, మూలాలు, పట్టికలు తీసేసి, తెరమీద కనిపించే తెలుగు మాటలను లెక్కపెట్టడం. వికీమీడియా తన పాఠం మొత్తాన్ని ఎవరైనా దించుకునేలా డంపుల రూపంలో విడుదల చేస్తుంది కాబట్టి ఆ లెక్క వేయడం అసాధ్యమేమీ కాదు. ఒకసారి చిన్న ప్రోగ్రాము రాసుకుంటే ప్రతి మూడు నెలలకూ నడపవచ్చు.

సంఖ్య కోసం పుట్టిన వ్యాసాలు

బైట్ల కంటే పాత కొలత వ్యాసాల సంఖ్య. వికీపీడియాలకు వరుస సంఖ్యలిచ్చేది దీన్ని బట్టే. ఈ వరుసలో ఇంగ్లిష్ తర్వాత చాలా కాలంగా కనిపిస్తున్నది ఫ్రెంచో, జర్మనో కాదు. ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే సెబువానో. 60 లక్షలకు పైగా వ్యాసాలు. వాటిలో అత్యధిక భాగం స్వీడన్‌కు చెందిన స్వెర్కర్ యొహాన్సన్ తయారుచేసిన ‘ఎల్‌ఎస్‌జెబాట్’ అనే ప్రోగ్రాము రాసినవే. జీవజాతులు, కొండలు, వాగులు, ద్వీపాల వివరాలను డేటాబేసుల నుంచి తీసుకుని వాక్యాలుగా పేర్చిన పేజీలవి. ఇది తప్పా ఒప్పా అనే చర్చ వికీపీడియన్లలో ఏళ్ళ తరబడి నడిచింది. తేలకపోయినా ఒక సంగతి మాత్రం స్పష్టం: ఒక్క సంఖ్యను చూసి సమూహం బలాన్ని అంచనా వేస్తే సెబువానో విషయంలో పూర్తిగా పొరబడినట్టే.

తెలుగుకూ ఈ అనుభవం ఉంది. తొలి ఏళ్ళలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మండలాలకు, గ్రామాలకు పేజీలను బాటు సాయంతో పెద్దఎత్తున సృష్టించారు. వ్యాసాల గ్రాఫు ఒక్కసారిగా నిట్టనిలువుగా లేచింది. ఆ పేజీలను నింపే పని తర్వాత చాలా ఏళ్ళు సాగింది. జనగణన వివరాలు చేర్చడం అందులో ఒక పెద్ద భాగం. ఈ చరిత్ర తెలియనివారు ఆ గ్రాఫును చూస్తే, తొలి ఏళ్ళలో ఉన్న ఉత్సాహం తర్వాత చల్లారిపోయిందని అనుకుంటారు. నిజానికి నిదానంగా పెరిగిన కాలంలోనే ఎక్కువ రచన జరిగి ఉండవచ్చు. ఇప్పుడు తెలుగు వికీపీడియా లక్ష వ్యాసాలు దాటింది. ఆ లక్షలో ఎన్ని గ్రామాల పేజీలు, ఎన్ని సినిమాల పేజీలు, ఎన్ని విజ్ఞానశాస్త్ర వ్యాసాలు అన్నది రెడీమేడ్ డాష్‌బోర్డు చెప్పదు. వర్గాల ఆధారంగా విడగొట్టుకోవాల్సిందే.

కొలతే లక్ష్యమైపోతే అది కొలతగా పనికిరాకుండా పోతుందని ఆర్థికశాస్త్రంలో ఒక సూత్రం ఉంది. 1975లో బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ ద్రవ్య విధానం గురించి చెప్పిన మాట నుంచి పుట్టింది కాబట్టి దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. వ్యాస పోటీలు పెట్టేవారు దీన్ని ప్రతిసారీ గుర్తుచేసుకోవాల్సి వస్తుంది. 2018లో భారతీయ భాషల వికీపీడియాల మధ్య జరిగిన ‘ప్రాజెక్ట్ టైగర్’ వంటి పోటీల్లో వ్యాసానికి కనీస పొడవు నిబంధన పెట్టేది ఇందుకే. లేకపోతే రెండు వాక్యాల పేజీలు వరదలా వస్తాయి.

పోటీ జరిగిన నెలల్లో గ్రాఫు ఉబ్బుతుంది, తర్వాత దిగుతుంది. ఏడాది తిరిగాక చూసేవారికి ఆ ఉబ్బు ఎందుకొచ్చిందో తెలియదు. ఆ దిగడాన్ని పతనంగా అర్థం చేసుకునే ప్రమాదం కూడా ఉంది. వికీస్టాట్స్ గ్రాఫు మీద స్థానిక సమూహం తన గమనికలు రాసుకునే వీలు లేదు. అంకెలను సీఎస్‌వీ ఫైలుగా దించుకుని, పక్కన ఒక వరుస పెంచి, ‘పోటీ మొదలు’, ‘కళాశాలలో శిక్షణ’, ‘బాటు పని’ అని తేదీల వారీగా రాసుకోవడం ఒక్కటే దారి. చూడటానికి ఇది మామూలు గుమాస్తా పని. కానీ డాష్‌బోర్డుకు ఒక సమూహం చేసుకోగల మార్పుల్లో ఇంత ఎక్కువ కాలం పనికొచ్చేది మరొకటి కనబడదు.

చదివేవారిని లెక్కపెట్టడం

రాసేవారి లెక్క కంటే చదివేవారి లెక్క కష్టం. రాసినవారి ప్రతి దిద్దుబాటూ చరిత్రలో ఉంటుంది. చదివినవారు గుర్తు మిగల్చకుండా వెళ్ళిపోతారు. వికీమీడియా కూడా వారిని వెంటాడదలచుకోలేదు.

అయినా నెలకు ఎన్ని పరికరాల నుంచి వికీపీడియాను చూశారో అంచనా కడుతుంది. పద్ధతి తెలివైనది. వాణిజ్య సైట్లలో మాదిరిగా ప్రతి ఫోనుకూ ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వరు. ఈ బ్రౌజరు చివరిసారి ఏ రోజు వచ్చిందన్న తేదీని మాత్రమే ఒక చిన్న కుకీలో పెడతారు. మళ్ళీ వచ్చినప్పుడు ఆ తేదీ గత నెలది అయితే, ఈ నెలలో ఇది మొదటి రాక అని అర్థం. లెక్కలో ఒకటి కలుపుతారు. తేదీ ఈ నెలదే అయితే కలపరు. కుకీ లేకుండా వచ్చేవారి కోసం వేరే సవరణ ఉంటుంది. ఎవరు వచ్చారో తెలియకుండానే ఎందరు వచ్చారో తెలుస్తుంది. ఈ లెక్కలు 2016 నుంచి అందుబాటులో ఉన్నాయి.

ఇవి పరికరాల లెక్కలే కానీ మనుషుల లెక్కలు కావు. ఫోనులోనూ ఆఫీసు కంప్యూటరులోనూ చదివేవారు రెండుగా లెక్కకొస్తారు. ఇంటిల్లిపాదీ వాడే ఒక్క ఫోను ఒకటిగానే వస్తుంది. కాబట్టి ఈ అంకెను ‘పాఠకుల సంఖ్య’ అని శీర్షిక పెట్టి సమూహం తన నివేదికలో వేసుకుంటే అది తప్పే. ఒక నెలకూ మరో నెలకూ మధ్య పోల్చడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

పేజీ వీక్షణల్లో అసలు తలనొప్పి యంత్రాలది. తామెవరో చెప్పుకుని వచ్చే సెర్చ్ ఇంజన్ల బాట్లను వేరుచేయడం సులువు. చెప్పకుండా మనిషిలా నటించేవాటిని పట్టుకోవడానికి 2020లో వికీమీడియా ‘ఆటోమేటెడ్’ అనే కొత్త వర్గాన్ని చేర్చింది. ఆ తేదీకి ముందు, తర్వాత వీక్షణలను పోల్చేవారు ఈ మార్పును గుర్తుపెట్టుకోవాలి. ఇంకా దగ్గరి ఉదాహరణ 2025ది. ఆ ఏడాది మే, జూన్ నెలల్లో మనుషుల వీక్షణలు అసాధారణంగా పెరిగినట్టు కనిపించింది. వాటిలో ఎక్కువ బ్రెజిల్ నుంచి వచ్చినట్టు ఉన్నాయి. ఆరా తీస్తే, దొరక్కుండా తప్పించుకునేలా తయారుచేసిన బాట్లవి అని తేలింది. గుర్తించే పద్ధతిని సవరించి పాత లెక్కలను మళ్ళీ వర్గీకరించారు. పెరుగుదల పోయి, 2024లో అవే నెలలతో పోలిస్తే మనుషుల వీక్షణలు దాదాపు 8 శాతం తగ్గినట్టు బయటపడింది. గ్రాఫులో కనిపించిన ఆ పెరుగుదల పాఠకులది కాదు, లెక్కించే తీరు మారాకే ఆ సంగతి తెలిసింది. మేలో గ్రాఫు చూసి సంబరపడినవారు అక్టోబరుకల్లా మాట మార్చుకోవాల్సి వచ్చింది.

భారతీయ సమూహాలకు మరో చిన్న చిక్కు ఉంది. ఈ డాష్‌బోర్డుల్లో రోజు మొదలయ్యేది గ్రీనిచ్ అర్ధరాత్రికి, అంటే ఇక్కడ ఉదయం ఐదున్నరకు. హైదరాబాద్‌లో ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి చేసిన దిద్దుబాటు శనివారం ఖాతాలోకి వెళుతుంది. డల్లాస్‌లో శనివారం రాత్రి భోజనాలయ్యాక కూర్చుని రాసిన తెలుగు వ్యాసం ఆదివారం ఖాతాలో పడుతుంది. నెలవారీ లెక్కలో ఇది పట్టించుకోదగ్గది కాదు. ఒక రోజు ఎడిటథాన్ ఫలితం చూడాలంటే మాత్రం దిద్దుబాటు సమయాలను ఐదున్నర గంటలు జరిపి లెక్కించుకోవాలి.

వచ్చినవాళ్ళు ఉంటున్నారా

ఇంతవరకూ చెప్పినవన్నీ ఉన్న గ్రాఫును సరిచేసుకోవడం. అసలు గ్రాఫులో లేని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. వాటిలో ముఖ్యమైనదేమిటో ఇంగ్లిష్ వికీపీడియా ఆలస్యంగా తెలుసుకుంది.

2007లో ఇంగ్లిష్ వికీపీడియా చురుకైన సంపాదకుల సంఖ్య 50 వేలు దాటింది. ఆ తర్వాత తగ్గడం మొదలై, ఆరేడేళ్ళలో 30 వేల చుట్టుపక్కలకు చేరింది. వ్యాసాల సంఖ్య మాత్రం పెరుగుతూనే పోయింది, అందువల్ల మొదట్లో పెద్దగా కంగారు పుట్టలేదు. ఎందుకు తగ్గుతున్నారో మొత్తం సంఖ్య చెప్పలేకపోయింది. పాతవాళ్ళు విసిగి వెళ్ళిపోతున్నారా, కొత్తవాళ్ళు రావడం లేదా, వచ్చి నిలవడం లేదా? మూడింటికీ గ్రాఫు ఒకేలా దిగుతుంది. ఒకే కాలంలో చేరినవారిని ఒక జట్టుగా తీసుకుని, ఆ జట్టులో ఎంతమంది ఆరు నెలలకు, ఏడాదికి మిగిలారో వేరువేరుగా గీసినప్పుడు గానీ విషయం తెలియలేదు. ఆరన్ హాఫ్‌కర్, ఆయన సహ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనం దీన్ని వివరంగా చూపింది. మంచి ఉద్దేశంతో వచ్చే కొత్తవారి శాతం స్థిరంగానే ఉంది. కానీ వారి తొలి దిద్దుబాట్లను తిప్పికొట్టడం బాగా పెరిగింది, అందులో స్వయంచాలక పరికరాల వాటా ఎక్కువైంది. దుశ్చర్యలను ఆపడానికి కట్టిన గోడ కొత్తవారికి కూడా అడ్డమైంది.

చిన్న సమూహాలకు ఈ లెక్క ఇంకా అవసరం. దీన్ని వేసుకోవడానికి ‘క్వారీ’ అనే ఉచిత పనిముట్టు ఉంది. 2014 ప్రాంతంలో భారతీయ ప్రోగ్రామర్ యువీ పాండా దీన్ని తయారుచేశారు. వికీ ఖాతాతో లాగిన్ అయి, ఎస్‌క్యూఎల్ భాషలో ప్రశ్న రాస్తే, వికీపీడియా డేటాబేసు నకలు నుంచి జవాబు పట్టికగా వస్తుంది. పాస్‌వర్డులు, ఈమెయిళ్ళు వంటి వ్యక్తిగత వివరాలు ఆ నకలులో ముందే తీసేసి ఉంటాయి. అందరి ప్రశ్నలూ బహిరంగమే. మలయాళంవారు రాసుకున్న ప్రశ్నను ఒక మీట నొక్కి నకలు తీసుకుని, డేటాబేసు గడిలో వారి వికీ పేరు తీసేసి తెలుగు వికీ పేరు పెడితే చాలు, తెలుగు జవాబు వస్తుంది. ఎస్‌క్యూఎల్ రానివారు కూడా ఇలా అరువు ప్రశ్నలతో మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న ఇలా ఉంటుంది: ఫలానా నెలలో తొలి దిద్దుబాటు చేసినవారెవరు? వారిలో మొదటి 30 రోజులు పోయాక, తర్వాతి 30 రోజుల్లో కనీసం ఒక్క దిద్దుబాటు చేసినవారు ఎంతమంది? వికీమీడియా వాడే కొలతల్లో ఇదొకటి. తెలుగుకు ఆ వ్యవధిని 60 రోజులకో 90కో పెంచుకోవచ్చు. పరీక్షలున్న విద్యార్థి నెల రోజులు కనపడకపోతే మానేసినట్టు కాదు కదా.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, అరువు ప్రశ్నల్లో చాలావాటికి ఆ గొయ్యి కనపడదు. వికీపీడియాలో ఒక పేజీని తొలగిస్తే, ఆ పేజీలో జరిగిన దిద్దుబాట్లన్నీ మామూలు పట్టిక నుంచి తొలగింపుల పట్టికకు మారిపోతాయి. కొత్తగా వచ్చిన ఒకరు ఎంతో ఆశతో ఒకే ఒక్క వ్యాసం రాశారు, నియమాలకు సరిపోలేదని దాన్ని తొలగించారు, వారు మళ్ళీ రాలేదు. మామూలు పట్టికను మాత్రమే వెతికే ప్రశ్న దృష్టిలో ఈ మనిషి అసలు రానే లేదు. హారంలో నుంచే మాయమవుతారు. నిలిచినవారి శాతం ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. ఎవరి కోసం ఈ లెక్క మొదలుపెట్టారో వారే లెక్కలో లేకుండా పోతారు. ప్రశ్నకు నాలుగు పంక్తులు చేర్చి రెండు పట్టికలనూ కలిపితే ఇది సరవుతుంది.

ఇంకో జాగ్రత్త చిన్న సంఖ్యల విషయంలో. ఒక నెల 12 మందిలో ముగ్గురు నిలిచారు, అంటే 25 శాతం. మరుసటి నెల 10 మందిలో ఐదుగురు, అంటే 50 శాతం. గ్రాఫు రెట్టింపు చూపిస్తుంది. నిజానికి ఇద్దరు మనుషుల తేడా. నెలకు సగటున 25 మంది కొత్తవారు వచ్చే చోట, ఏ కారణమూ లేకుండానే ఆ సంఖ్య ఐదు అటూ ఐదు ఇటూ ఊగుతుంది. యాదృచ్ఛిక రాకల్లో ఊగిసలాట సగటుకు వర్గమూలమంత ఉంటుందని గణాంకశాస్త్రం చెబుతుంది. ఇరవై వచ్చిన నెలకు విచారించనక్కర్లేదు, ముప్ఫై వచ్చిన నెలకు మిఠాయిలు పంచనక్కర్లేదు. నెలవారీ గ్రాఫును మూడు నెలలకో, ఆరు నెలలకో మార్చుకోవడమే దీనికి మందు. డాష్‌బోర్డు మాత్రం ముందే పెట్టిన అమరిక ప్రకారం నెలవారీగానే తెరుచుకుంటుంది.

చిన్న సంఖ్యలకు మరో కోణం ఉంది. ఏదైనా దేశంలో తెలుగు వికీపీడియా సంపాదకులు ఇద్దరే ఉన్నారనుకుంటే, ‘దేశాల వారీగా సంపాదకులు’ అనే పట్టిక ఆ ఇద్దరి ఆచూకీ చెప్పేసినట్టే. అందుకే వికీమీడియా దేశాల లెక్కలను కచ్చితమైన అంకెలుగా కాక ఇంత నుంచి ఇంత అనే శ్రేణులుగా ఇస్తుంది. కొన్ని దేశాల లెక్కలను అసలే బయటపెట్టదు. 2023లో ఏ దేశంలో ఏ పేజీని ఎంతగా చదివారో విడుదల చేసినప్పుడు, అంకెలకు ఉద్దేశపూర్వకంగా కొద్దిపాటి యాదృచ్ఛిక తేడాను కలిపింది. డిఫరెన్షియల్ ప్రైవసీ అనే ఈ పద్ధతిలో మొత్తం ధోరణి చెడదు, ఒక్కరి వివరం మాత్రం పట్టుబడదు. సమూహాలు సొంతంగా లెక్కలు వేసుకునేటప్పుడు ఈ రక్షణ ఉండదు. దిద్దుబాట్లన్నీ బహిరంగమే అయినా, ‘వచ్చి వెళ్ళిపోయినవారు’ అని పేర్లతో పట్టిక వేసి రచ్చబండలో పెట్టడం వేరే సంగతి.

ఆ పట్టికకు తగిన చోటు ఇంకొకటి ఉంది. క్వారీలో భద్రపరిచిన ప్రశ్నను నెలకోసారి నడిపితే, రెండు నెలలుగా కనపడని కొత్తవారి పేర్లు పదో పన్నెండో వస్తాయి. ఆ సంఖ్యకు గ్రాఫు అక్కర్లేదు. ఒక్కొక్కరి చర్చాపేజీ తెరిచి చూస్తే, కొన్నింటిలో బాటు పెట్టిన స్వాగతం మాత్రమే ఉంటుంది. కొన్నింటిలో తొలగింపు నోటీసు తప్ప మరేమీ ఉండదు. పది పేజీల్లో, రాసిన వ్యాసం పేరెత్తి, అందులో ఏది బాగుందో, ఏది ఎలా మార్చాలో చెబుతూ నాలుగు వాక్యాలు రాయడం ఒక మనిషికి ఒక ఆదివారం మధ్యాహ్నం పని.